కుట్టిన ఒళ్ళు

ఆ ఫ్యాషన్ సంస్థ పెట్టి ముప్ఫై ఏళ్ళు. ఈ ముప్ఫై ఏళ్ళలో వాళ్ళ ర్యాంపు మీద నడిచిన అమ్మాయిలందర్నీ ఒకచోట నిలబెడితే, ఒకే అమ్మాయి కొన్ని వందలసార్లు నడిచిందేమోనని అనుమానం వస్తుంది. అదే పొడవు, అవే మెడ ఎముకలు, అదే చూపు. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదనీ, ఆ పాపం ఎదురుగా కూర్చున్నవాళ్ళదేననీ చెప్పే చూపు. దీని మీద ఎవరికీ ఏ ఫిర్యాదూ ఉండేది కాదు, ఒక పత్రికలో ఒకావిడ మూడు వాక్యాలు రాసేదాకా.

"బట్టలు బాగున్నాయి. వాటిని మోసిన హ్యాంగర్లూ బాగున్నాయి. మనుషుల్ని ఎప్పుడు చూపిస్తారు?"

ఆ మూడు వాక్యాలూ ఫోన్ల మీదెక్కి ఊరంతా తిరిగాయి. వారం గడిచేసరికి సంస్థ యజమానురాలికి జ్ఞానోదయమైంది. అది సోమవారం పదకొండింటికి మీటింగు రూపంలో బయటపడింది.

కటింగు గది నుంచి మాస్టరమ్మని కూడా పిలిచారు. మాస్టరమ్మ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప మరెక్కడా వినపడదు. ఇరవై రెండేళ్ళుగా అక్కడ కత్తెర ఆవిడదే. మేడమ్ కాగితం మీద నాలుగు గీతలు గీసి "కలలా ఉండాలి" అంటే, ఆ కలలో చేతులు ఎక్కడ దూరతాయో, మెడ ఎక్కడినుంచి బయటికొస్తుందో కనిపెట్టి గుడ్డని దారికి తెచ్చేది ఆవిడే. నిండైన మనిషి. కటింగు బల్లకీ గోడకీ మధ్యనున్న సందులో అందరూ ముందుకి నడిచి వెళ్తే, ఆవిడ పక్కకి తిరిగి వెళ్తుంది. ఆ సంస్థ కుట్టే బట్టల్లో అన్నిటికన్నా పెద్దది పదో నంబరు. ఆ పదో నంబరు చొక్కాలో మాస్టరమ్మ చెయ్యి దూరుతుంది, అదీ మోచేతి దాకా.

మేడమ్ వేడినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడింది. వేడినీళ్ళే ఆవిడకి పొద్దుటి ఫలహారం. పని ఒత్తిడి ఎక్కువైన రోజుల్లో మధ్యాహ్నం భోజనం కూడా.

"ఈసారి మన షో పేరు 'ప్రతి ఒళ్ళూ అందమే'," అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకైనా మంచిదని మాస్టరమ్మ కూడా కొట్టింది.

"పన్నెండు మంది అమ్మాయిల్లో ఎంతమంది లావువాళ్ళని తీసుకుందాం మేడమ్?" అని పబ్లిసిటీ పని చూసే అమ్మాయి పెన్ను తీసింది.

"ఒకరు."

"ప్రతి ఒళ్ళూ అన్నారు కదా..."

"ఒకరు చాలు. ఎక్కువమందిని పెడితే సందేశం పల్చబడిపోతుంది."

పబ్లిసిటీ అమ్మాయి 'ఒకటి' అని రాసుకుని దాని చుట్టూ సున్నా చుట్టింది.

ఆ ఒక్కరి కోసం వేట మొదలైంది. మొదట వచ్చినావిడ గుమ్మంలో అడుగు పెడుతూనే గదికి కళ వచ్చింది. "పొట్ట ఉంది," అంది మేడమ్. రెండో ఆవిడకి పొట్ట లేదు గాని, గడ్డం కింద ఇంకో గడ్డం ఉంది. మూడో అమ్మాయి అన్ని పరీక్షలూ నెగ్గి, చివర్లో సంతోషం పట్టలేక నవ్వింది. ఆ నవ్వుకి భుజాల కింద చేతులు కూడా ఊగాయి.

"కదులుతోంది," అంది మేడమ్, ఎక్కడో కుళాయి కారుతోందన్నట్టు.

మూడో అమ్మాయి కూడా వెళ్ళిపోయాక మాస్టరమ్మ ఉండబట్టలేక అడిగింది. "అసలు మీకెలాంటి పిల్ల కావాలి మేడమ్?"

"లావుగా ఉండాలి మాస్టరమ్మా. కానీ లావుగా కనబడకూడదు."

బిగుతుగా ఉంటూనే వదులుగా ఉండాలన్న గౌన్లు కుట్టి ఒప్పించిన మనిషి మాస్టరమ్మ. అయినా ఈ మాటకి ఆవిడ చేతిలో టేపు కాసేపు అలాగే వేలాడింది.

నాలుగో రోజు నడిమమ్మాయి వచ్చింది. ఆ పేరు తర్వాత మాస్టరమ్మ పెట్టిందే. ఏడేళ్ళుగా ఆ పిల్ల ర్యాంపు ఎక్కాలని తిరుగుతోంది. సన్నవాళ్ళు కావాలన్న చోటికి వెళ్తే "కాస్త తగ్గించి రా" అన్నారు. లావువాళ్ళు కావాలన్న చోటికి వెళ్తే "కాస్త పెంచి రా" అన్నారు. ఒకే వారంలో సోమవారం ఒక మాటా గురువారం ఇంకో మాటా పడ్డ రోజులున్నాయి. అద్దంలో చూసుకుంటే ఏ లోపమూ కనబడని ఒళ్ళు. అంటే బజార్లో నడిచే పదిమందిలో ఆరుగురికి ఉండే ఒళ్ళు. ర్యాంపు మీద దానికి మాత్రం చోటు లేదు.

మేడమ్ ఆ పిల్ల గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. సన్నటి ముఖం, పొడుగాటి మెడ.

"ముఖం ఇదే," అంది. "ఒళ్ళు మనం కుడదాం."

నడిమమ్మాయికి అర్థం కాలేదు. మాస్టరమ్మకి అర్థమైంది గాని, అర్థం కానట్టు నిలబడింది.

"మెత్తలు మాస్టరమ్మా! తుంటి దగ్గర, తొడల దగ్గర, చేతులకీ వీపుకీ. లోపల తొడిగి పైన గౌను వేస్తే ఎవరికి తెలుస్తుంది?"

"కొలతలు ఎవరివి పెట్టను?"

"ఎవరివో ఒకరివి. మీకు తెలియందేముంది? పొట్ట మాత్రం వద్దు. లావుని చూపించడం ధైర్యం, పొట్ట ఆ లెక్కలోకి రాదు."

కటింగు గదిలో ఉన్న బొమ్మలు ఆరూ ఒకే నంబరువి. పెద్ద కొలతల కాగితం ఆ భవనంలోనే లేదు, ముప్ఫై ఏళ్ళలో ఎవరికీ అవసరం రాలేదు. మాస్టరమ్మ తలుపు గడియ వేసుకుని అద్దం ముందు నిలబడింది. ఎన్ని వేల ఒళ్ళు కొలిచిందో లెక్కే లేదు. తన ఒంటి చుట్టూ టేపు తిప్పుకోవడం మాత్రం అదే మొదలు. తుంటి, తొడ, దండ చెయ్యి. చూసిన అంకెని చూసినట్టు రాసుకుంది, ఒక్క అంగుళం కూడా తనకి తాను తగ్గించుకోకుండా. పొట్ట దగ్గరికొచ్చాక మాత్రం టేపు చుట్టి పక్కన పెట్టింది, మేడమ్ ఆజ్ఞ కదా.

స్పాంజి పొరలు పొరలుగా కోసి, అంచులు చెక్కి, ఒంటిరంగు సాగే గుడ్డలో పెట్టి కుట్టింది. వెనక పద్నాలుగు హుక్కులు. నడిమమ్మాయికి తొడిగి హుక్కులన్నీ పెట్టేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి.

"అక్కా, లోపల పొయ్యిలో ఉన్నట్టుంది," అంది నడిమమ్మాయి.

"మేమందరం అందులోనే ఉంటాం. మాకు హుక్కులు లేవు, అంతే తేడా."

నడిమమ్మాయి ఫక్కున నవ్వింది. వెంటనే ఆమె కడుపు గట్టిగా అరిచింది. ముఖం సన్నగానే ఉండాలని మేడమ్ కాగితం మీద సంతకం పెట్టించుకుందట. లావుపిల్ల పని దొరికిన ఆనందంలో ఆ అమ్మాయి రెండు రోజులుగా దోసకాయ ముక్కల మీద బతుకుతోంది. మాస్టరమ్మ తన డబ్బా తెరిచి ఉడకబెట్టిన గుడ్డొకటి చేతిలో పెట్టింది. ఆ పిల్ల గుమ్మం వైపు ఒకసారి చూసి, రెండు కొరుకుల్లో మింగేసింది.

షో రోజు హాలు కిటకిటలాడింది. మొదటి పదకొండు మంది అమ్మాయిలు ఎప్పట్లాగే వచ్చారు, వెళ్ళారు. తర్వాత దీపాలు తగ్గించి, సంగీతంలో ఏడుపు కలిపి, పన్నెండో అమ్మాయిని వదిలారు. గచ్చకాయ రంగు పొడవు గౌను. మెత్తల బరువుకి నడిమమ్మాయి మెల్లగా, ఆచితూచి నడిచింది. ఆ నడకని మర్నాడు పత్రికలు 'హుందాతనం' అన్నాయి. మొదటి వరసలో మేడమ్ కన్నా సన్నంగా ఉన్న ఒకావిడ రుమాలుతో కళ్ళు ఒత్తుకుంది. జనం లేచి నిలబడ్డారు. మేడమ్ ర్యాంపు మీదికొచ్చి "నేను ఎప్పుడూ నమ్మింది ఒక్కటే..." అని మొదలుపెట్టింది. తెర వెనక నిలబడ్డ మాస్టరమ్మ, మేడమ్ ఎప్పటినుంచి నమ్ముతోందో లెక్క వేసుకుంది. ఆరు వారాల మూడు రోజులు.

తన ఒంటికి అంతమంది చప్పట్లు కొట్టడం ఆవిడకి గమ్మత్తుగా అనిపించింది. గర్వపడాలో సిగ్గుపడాలో తేలక, రాలిన గుండుసూదులు ఏరింది.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు టీవీ ముందు ఉంది. అత్తగారు మంచి మనిషే. ఏదీ మనసులో దాచుకోదు, అదొక్కటే ఇబ్బంది. కోడలు కాపురానికొచ్చిన నాటినుంచీ కోడలి ఒళ్ళు ఆవిడకి వాతావరణం లాంటిది. రోజూ చూసి రోజూ ఓ మాట అనాలి. కొడుకు నోట్లో నాలుక లేని మనిషి కాబట్టి, అనే బాధ్యత మొత్తం ఆవిడే మోస్తూ వచ్చింది.

"ఏమే, ఇలా రా! చూడు ఈ పిల్లని. ఒళ్ళంటే అలా ఉండాలి. నిండుగా, తీరుగా, అచ్చు పోసినట్టు! లావున్నా ఓ అందం ఉండాలి. నువ్వూ ఉన్నావు, ఎందుకూ?"

టీవీలో నడిమమ్మాయి పక్కకి తిరిగింది. మాస్టరమ్మ తుంటి తెర నిండా మెరిసింది.

"నిజమే అత్తయ్యా," అని మాస్టరమ్మ కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళింది. నీళ్ళ చప్పుడులో ఎవరికీ వినపడకుండా చాలాసేపు నవ్వుకుంది. నవ్వు ఆగాక కొంచెం ఏడుపు కూడా వచ్చింది. అది ఎందుకో ఆవిడకే తెలియలేదు.

ఆ తర్వాత ఆ ఒంటికి తీరిక లేకుండా పోయింది. సోమవారం పత్రిక ఫోటోలు, మంగళవారం టీవీ, బుధవారం ఏదో కాలేజీలో ఆత్మవిశ్వాసం మీద ప్రసంగం. పద్నాలుగు హుక్కులూ పెట్టడం మాస్టరమ్మకే చేతనవును కాబట్టి, ఒళ్ళు ఎక్కడికి వెళ్తే ఆవిడా అక్కడికి వెళ్ళాల్సి వచ్చింది. ఎవరైనా అడిగితే "సహాయకురాలు" అని చెప్పేవాళ్ళు. ఒక స్టూడియోలో కుర్చీలు చాలక ఆవిడని లేపి, అదే కుర్చీలో నడిమమ్మాయిని కూర్చోబెట్టి, లావు మనుషులకి సమాజం చోటివ్వడం లేదన్న విషయం మీద గంటసేపు చర్చించారు.

ఆ స్టూడియోలోనే జరిగింది ఇంకో ముచ్చట. యాంకరు గొంతు తగ్గించి, ముందుకి వంగి అడిగాడు.

"మీ ఒంటిని మీరు ప్రేమించడం ఎప్పుడు మొదలుపెట్టారు?"

నడిమమ్మాయి తెల్లవారినుంచీ తిరిగి తిరిగి అలిసిపోయి ఉంది. ఏ ప్రశ్నకి ఏ జవాబు చెప్పాలో పబ్లిసిటీ అమ్మాయి నేర్పిందంతా మరిచిపోయింది.

"ఇవాళ పొద్దున తొమ్మిదిన్నరకి," అంది.

తెర వెనక మాస్టరమ్మ తల పట్టుకుంది. హుక్కులు పెట్టింది సరిగ్గా తొమ్మిదిన్నరకే. యాంకరు మాత్రం కళ్ళు మూసుకుని, "అద్భుతం! అంటే ప్రతి రోజూ కొత్తగా ప్రేమించడం మొదలుపెట్టాలన్నమాట," అన్నాడు. స్టూడియో మోగిపోయింది. 'తొమ్మిదిన్నర' అని రాసిన చొక్కాలు వారం లోపల బజార్లోకొచ్చాయి. పదో నంబరు దాకా దొరికాయి.

ఉత్తరాలు మొదలైంది అప్పుడే. ఎవరెవరో ఆడవాళ్ళు సంస్థకి రాశారు. ఒకావిడ కూతురి కాలేజీ వేడుకకి అలాంటి గౌను కావాలంది. ఒక నర్సు, పన్నెండు గంటలు నిలబడే ఉద్యోగం తనది, నడుం దగ్గర పట్టెయ్యని కోటు కుడతారా అని అడిగింది. ఒకావిడ కొలతలన్నీ వరసగా రాసి, చివర 'నవ్వకండి' అని రాసింది. పబ్లిసిటీ అమ్మాయి అన్నిటికీ ఒకటే జవాబు పంపింది: 'మీ ప్రేమకి కృతజ్ఞతలు. పెద్ద సైజులు ప్రస్తుతం అయిపోయాయి.' కుట్టనే కుట్టనివి ఎలా అయిపోయాయని మాస్టరమ్మ అడిగితే, "మొదలుపెట్టకముందే అయిపోయాయి" అంది ఆ అమ్మాయి, కొంచెం కూడా తడబడకుండా. ఆ ఉత్తరాలని పారేస్తానంటే మాస్టరమ్మ అడిగి తీసుకుని, కటింగు బల్ల సొరుగులో పెట్టుకుంది.

ఈలోగా నడిమమ్మాయికి ఒక విచిత్రం అనుభవంలోకొచ్చింది. ఎక్కడికి వెళ్ళినా తినడానికి పెడుతున్నారు. ఏడేళ్ళుగా తన ముందునుంచి పళ్ళేలు లాగేసిన లోకం, ఇప్పుడు ముందుకి తోస్తోంది. ఆ లావుపిల్ల తినకపోతే అక్కడున్నవాళ్ళకి ఏదో అపరాధం చేసినట్టుంటోంది. కేకులు, వెన్న రాసిన రొట్టెలు, జున్ను ముక్కలు. మొదట మొహమాటానికి ఒక ముక్క, తర్వాత ఆకలికి రెండు. ఆ తర్వాత మొహమాటం మానేసింది.

"అక్కా, అన్నిటికన్నా పెద్ద సంగతేంటో తెలుసా? నిద్ర పడుతోంది," అంది ఒకరోజు. "నాకు నిద్ర పట్టని జబ్బనుకున్నా. కాదు, ఆకలి."

మెత్తలు బిగుతయ్యాయి. మాస్టరమ్మ ఏమీ అనకుండా తుంటి దగ్గర కుట్టు విప్పి ఒక పొర స్పాంజి తీసేసింది. నెల తర్వాత ఇంకో పొర. తొడలది, చేతులది. ఆరు నెలలు తిరిగేసరికి ఒంటిరంగు గుడ్డ తప్ప లోపల ఏమీ మిగల్లేదు. తీసిన స్పాంజి ముక్కల్ని అత్తగారి నడుం నొప్పికి దిండుగా కుట్టి ఇచ్చింది. "ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చే పని చేశావు," అని అత్తగారు మెచ్చుకుంది.

రెండో ఏటి షోకి ట్రయల్ పెట్టిన రోజు నడిమమ్మాయి మెత్తలు లేకుండా, ఉన్న ఒంటితో మేడమ్ ముందు నిలబడింది. అదే గౌను కొలతలు, దాదాపు అవే అంగుళాలు. కాకపోతే మాంసానికి స్పాంజికున్న క్రమశిక్షణ లేదు. కొంత పొట్టలోకి వెళ్ళింది. కొంత గడ్డం కింద చేరింది. కొంత వీపు మీద, తనకి తోచిన చోట సర్దుకుంది. పిల్ల ముఖం మాత్రం కళకళలాడుతోంది.

మేడమ్ వేడినీళ్ళు కింద పెట్టింది.

"ఏమైంది నీకు? లావైపోయావేంటి?"

నడిమమ్మాయి తెల్లబోయింది. "నేను లావుపిల్లనే కదా మేడమ్. ఏడాదిగా అదే చెబుతున్నాం."

"అప్పుడు నువ్వు ఆరోగ్యంగా లావుగా ఉండేదానివి. ఇప్పుడు... లావుగా లావుగా ఉన్నావు." సరైన మాట దొరికినందుకు మేడమ్ ముఖం తేటపడింది. "చూడమ్మా, మాకు ప్రతి ఒళ్ళూ అందమే. కానీ ఈ ఒళ్ళు ఈ షోకి కుదరదు."

గంటలో నడిమమ్మాయి ఫోటోలు గోడ మీదనుంచి దిగిపోయాయి. సాయంత్రానికి ఇంకో పిల్ల వచ్చింది. పద్దెనిమిదేళ్ళు, సన్నటి ముఖం, పొడుగాటి మెడ, ఊదితే ఎగిరిపోయేటట్టుంది. మేడమ్ ఆ పిల్ల గడ్డం అటూ ఇటూ తిప్పి, "మాస్టరమ్మా, మెత్తలు తీసుకురండి," అంది.

"లేవు మేడమ్. అయిపోయాయి."

"అయితే మళ్ళీ కుట్టండి. తొమ్మిది రోజులుంది."

మాస్టరమ్మ సంచీ భుజాన వేసుకుని, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడ్డ నడిమమ్మాయిని మెట్ల మీదనుంచి లేపి, తనతో ఇంటికి తీసుకెళ్ళింది.

అత్తగారు తలుపు తీసి వచ్చిన పిల్లని ఎగాదిగా చూసింది. "ఎవరే ఈ అమ్మాయి?"

"నాతో పనిచేసే పిల్ల అత్తయ్యా."

"మీ ఆఫీసులో అందరూ ఇంతేనా? ఒక్కళ్ళకీ తీరు లేదు," అంటూనే రొట్టెలు వేడి చేసి, మూడు పళ్ళేల్లో పెట్టింది. పెడుతూ పెడుతూ, "టీవీలో ఆ అమ్మాయిని చూసి నేర్చుకోవాలమ్మా మీరు. అదీ లావే. కానీ ఏం పొందిక!" అంది.

నడిమమ్మాయి నోట్లో రొట్టెముక్క అలాగే ఉండిపోయింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. పొలమారి దగ్గు వచ్చేదాకా నవ్వింది. మాస్టరమ్మ ఆ పిల్ల వీపు తట్టి, అత్తగారి వైపు తిరిగింది. ఇన్నేళ్ళూ మింగినవన్నీ గొంతు దాకా వచ్చాయి గాని, చెప్పింది మాత్రం నెమ్మదిగానే.

"ఆ టీవీ అమ్మాయి ఈ అమ్మాయేనండీ. ఆ ఒళ్ళు ఈ పిల్లది కాదు, నాది. నా కొలతలు పెట్టి నేనే స్పాంజితో కుట్టా. ఏడాదిగా మీరు మెచ్చుకుంటున్న తుంటి ఇదిగో, మీ ఎదురుగా కూర్చునుంది. మీరు ఆనుకునే దిండు కూడా అందులోదే."

అత్తగారు దిండు వైపు చూసింది. కోడలి వైపు చూసింది. ఆ ఇంట్లో అంతసేపు ఆవిడ నోరు ఊరుకుని ఉండడం అదే మొదలు.

"ముందే చెప్పొద్దూ?" అంది చివరికి. "పక్కింటావిడకి చెప్పుకునేదాన్ని కదా!"

 అత్తగారు ఇంకో రొట్టె తెచ్చి కోడలి పళ్ళెంలో వేసింది. వేసి, ఆ పళ్ళెం గురించి గాని, వేసుకునే మనిషి గురించి గాని ఒక్క మాట కూడా అనకుండా లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే మాస్టరమ్మ సొరుగులోని ఉత్తరాలన్నీ సంచీలో వేసుకుని మేడమ్ గదికి వెళ్ళింది. నాలుగు వందల పన్నెండు ఉత్తరాలు. బల్ల మీద కుప్ప పోస్తే వేడినీళ్ళ గ్లాసు కనబడకుండా పోయింది.

"ఏంటివి?"

"అయిపోయిన సైజుల కోసం అడిగినవాళ్ళు మేడమ్."

మేడమ్ ఒకటి రెండు విప్పి చదివి పక్కన పెట్టింది. "ఇప్పుడు ఇవన్నీ ఎందుకు? మెత్తలెంతవరకు వచ్చాయి?"

"కుడతాను. కొలతలు నావి కాబట్టి నా షరతు ఒకటుంది."

"మీవా?" మేడమ్ ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆవిడని తలనుంచి కాళ్ళదాకా చూసింది. చూసి, నిజంగానే ఆశ్చర్యపోయింది. "కానీ... అవి బాగున్నాయే!"

మాస్టరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా గుడ్డ చేతిలో ఉండగా తొందరపడి కత్తెర వెయ్యడం ఆవిడ పనితనంలో లేదు.

"షో గౌను పెద్ద సైజుల్లో కూడా కోస్తాను. పదో నంబరు మీద ఇంకో ఆరు నంబర్లు. మన షాపులో అమ్మాలి. వాటికి బొమ్మ లేదు గనక, ట్రయల్ వెయ్యడానికి మనిషి కావాలి. నడిమమ్మాయిని పెట్టండి. ఒప్పుకుంటే తొమ్మిది రోజుల్లో మెత్తలు మీ చేతిలో ఉంటాయి. లేదంటే ఎవరితోనైనా కుట్టించుకోండి, పొట్టలేని లావు ఎక్కడ దొరుకుతుందో చూసుకుని."

 వేరే ఎవరిచేతైనా కుట్టించాలంటే ఆ ఎవరో బయట నోరు జారకూడదు. మేడమ్‌కి అన్నిటికన్నా బాగా తెలిసిన కొలత అదే.

"షాపులో వెనకవైపు పెడతాం," అంది.

"పెట్టండి. వాళ్ళు నడవగలరు."

మాస్టరమ్మ మెత్తలు కుట్టింది. తప్పని తెలిసీ కుట్టింది. పద్దెనిమిదేళ్ళ పిల్లకి పద్నాలుగు హుక్కులూ తనే పెట్టింది. ఆ పిల్లని పక్కకి పిలిచి, "వీళ్ళు ఇచ్చే పొగడ్తలన్నీ ఈ స్పాంజివి, నీవి కావు. తిట్లు కూడా అంతే. ఏదీ ఇంటికి పట్టుకెళ్ళకు," అని మాత్రం చెప్పింది. పిల్ల తలూపింది. ఎంత ఎక్కిందో తెలియదు. షో ఆ ఏడూ బ్రహ్మాండంగా జరిగింది. మొదటి వరసలో రుమాలావిడ ఈసారి రెండు రుమాళ్ళతో వచ్చింది. పోయినేటి అమ్మాయి ఏమైందని ఒక్కరూ అడగలేదు.

పెద్ద సైజులు మాట ప్రకారం షాపు అడుగు అంతస్తులో వెనకవైపు, గొడుగులకీ ప్రయాణపు పెట్టెలకీ మధ్య ఒక గోడవారగా వెలిశాయి. బోర్డు మీద 'ప్రత్యేకం' అని రాశారు, ఎవరినీ నొప్పించకుండా. అక్కడ అద్దం లేకపోతే మాస్టరమ్మ కటింగు గదిలోది మోయించుకొచ్చింది. మొదటి రోజు తను, నడిమమ్మాయి ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. గంట గడిచినా ఎవరూ రాలేదు. గొడుగు కోసం ఒకాయన వచ్చి, వీళ్ళిద్దరినీ చూసి, గొడుగు కొనకుండానే వెళ్ళిపోయాడు.

పదకొండు దాటాక మెట్లు ఒక్కొక్కటే దిగుతూ ఒకావిడ వచ్చింది. యాభై దాటిన మనిషి. నర్సు బూట్లు. "మీరు ఉత్తరానికి జవాబు రాశారు. అందుకని..." అంటూ సందేహంగా నిలబడింది. ఈసారి జవాబులు రాసింది నడిమమ్మాయి, తన చేత్తో.

ఆవిడ పద్నాలుగో నంబరు గౌను తీసుకుని తెర వెనక్కి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. మాస్టరమ్మ టేపు వేలికి చుట్టింది, విప్పింది. నడిమమ్మాయి గోళ్ళు కొరికింది.

తెర తొలగింది. ఆవిడ అద్దం ముందు నిలబడి అటు తిరిగింది, ఇటు తిరిగింది. చేతులు పైకెత్తింది. కూర్చుంది, లేచింది. పొట్ట మీద చెయ్యి వేసుకుని చూసుకుంది. గౌను ఎక్కడా పట్టలేదు. ఆ పొట్టకి చోటు ఉంచి కోసిన గౌను అది. ఇద్దరూ ఆవిడ ముఖం చూస్తున్నారు. కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందేమో, చేతులు పట్టుకుంటుందేమోనని నడిమమ్మాయి రుమాలు కూడా సిద్ధం చేసుకుంది.

"జేబులేవీ?" అందావిడ, చిరాగ్గా.

"ఏంటండీ?"

"జేబులు. ఇంత గుడ్డ వాడారు, రెండు జేబులు పెట్టడానికి చెయ్యి రాలేదా? గౌను చెయ్యి కూడా కొంచెం పొడుగైంది. కుదిరితే చూడండి, లేకపోతే నాకొద్దు."

మాస్టరమ్మ ముఖం విచ్చుకుంది. ఏడాదిగా ఆ కొలతల గురించి ఎన్ని చప్పట్లు విన్నదో ఆవిడకి గుర్తు లేదు. ఫిర్యాదు వినడం మాత్రం ఇదే మొదటిసారి. మోకాళ్ళ మీద కూర్చుని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని, జేబులు ఎంత లోతుండాలో అడిగింది.

"ఫోనూ తాళాలూ పట్టాలి. ఒక అరటిపండు కూడా," అందావిడ.

"రాసుకో," అంది మాస్టరమ్మ సూదుల మధ్యనుంచి. నడిమమ్మాయి రాసుకుంది.